తెరేసమ్మ కొంపల వేట

సిలువ యోహానుతో మొదలుపెట్టమని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. సింగపూరులో వాళ్లకి కొదవ లేదు. ఆఫీసులో బోనస్ తగ్గినా, కండో బేరం చెడిపోయినా, కోపిటియంలో కోపీ తాగుతూ ఇది నా ఆత్మకి చీకటి రాత్రి అనేస్తారు. కతోలిక మార్మికుల్ని చదవాలనుందని ఎవరైనా నోరు జారితే, వెంటనే అదే పేరున్న పుస్తకం చేతిలో పెట్టేస్తారు. తాము చదివుండరు. చదివితే అలా పెట్టరు.

పునీత సిలువ యోహాను ఆ పుస్తకం రాసింది ఎవరికోసం? ఏళ్ల తరబడి మఠంలో ప్రార్థన చేసి, ఇప్పుడు అందులో రుచీ పచీ తెలియక, దేవుడు తమని వదిలేశాడేమోనని కుమిలిపోతున్నవాళ్ల కోసం. ప్రార్థనే మొదలుపెట్టనివాడికి అది ఇవ్వడం జ్వరం రానివాడికి పథ్యం పెట్టడమే.

ఇంకో రకం వాళ్లున్నారు, కాలక్రమం మనుషులు. ఏదైనా వరసలో రావాలంటారు. వాళ్ల లెక్కన ఎక్‌హార్ట్ ముందు రావాలి. ఆయన 1328 ప్రాంతంలో పోయాడు. 1329లో పోపుగారు ఆయన మాటల్లోంచి 28 వాక్యాలు ఏరి తప్పుపట్టారు. మహాపండితుల్నే తికమక పెట్టిన మనిషిని, పొద్దున్నే ఎంఆర్‌టీలో కడ్డీ పట్టుకుని చదువుకునే మనకి మొదటి పాఠంగా పెట్టడమేమిటి! నార్విచ్ జూలియన్ అంటే నాకు అభ్యంతరం లేదు. 1373 మే నెలలో, చావుబతుకుల్లో ఉండగా కనిపించిన దర్శనాల్ని ఇరవై ఏళ్లు నెమరేసుకుని రాసింది. నేనూ కొందరికి ఆవిడ పుస్తకమే ఇచ్చాను. అందరూ బావుందన్నారు. రెండో పుస్తకం ఎవరూ అడగలేదు.

మా అత్తగారు చిన్న తెరేసమ్మ పక్షం. ఆవిడది ఫిరంగిపురం. ఇక్కడికి వచ్చినప్పుడల్లా కంపోంగ్ బారు రోడ్డులోని సెయింట్ తెరేసా గుడికి తీసుకెళ్లమంటుంది. 1929 నాటి ఆ గుడి ఫ్రాన్సుదేశపు లిసియో తెరేసమ్మ పేరిట కట్టింది. అక్కడే బుకిట్ తెరేసా రోడ్డు మీద కార్మెల్ కన్యాస్త్రీల మఠం ఉంది. చిన్న తెరేసమ్మ 24 ఏళ్లకే క్షయతో పోయిన పిల్ల. పోయాక ఏడాదికి, 1898లో, ఆత్మకథ అచ్చయింది. అందులోని గులాబీలూ కన్నీళ్లూ మా అత్తగారికి ప్రాణం. నాకు ఆ తీపి ఎక్కువసేపు పడదు. చివరి ఏడాదిన్నర ఆ పిల్లకి నమ్మకమే మసకబారిందనీ, అయినా పట్టు వదల్లేదనీ చెబితే, ఆ పేజీలు ఎందుకు చదివావు, పూలున్న పేజీలు చదవలేకపోయావా అంటుంది. వాదించడం మానేశాను.

నా ఓటు పెద్ద తెరేసమ్మకి. అవిలాపురి తెరేసమ్మ, 1515లో పుట్టి 1582లో పోయినావిడ. అలాగని ఆవిడ ఆత్మకథతోనో, ఏడు సౌధాల అంతరంగ కోటతోనో మొదలెట్టమనను. ఆత్మకథ గొప్పదే. ప్రార్థన అంటే తోటకి నీళ్లు పెట్టడమని చెప్పి, బావిలోంచి తోడటం, చక్రంతో ఎత్తిపోయడం, కాలవ పారించడం, చివరికి వాన కురవడం అని నాలుగు తీరులు చూపిస్తుంది. గుంటూరు జిల్లావాడికి దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. 1921లో ఎడిత్ స్టైన్ అనే యూదు తత్త్వశాస్త్రవేత్త ఆ పుస్తకం చదివే కతోలిక మతంలోకి వచ్చి, తర్వాత కార్మెల్ సభలోనే చేరింది. అయినా సరే, ముందు చదవాల్సింది ఆవిడ మఠాల స్థాపన గ్రంథం. ఇంగ్లీషులో ఫౌండేషన్స్ అని దొరుకుతుంది. చేతిలో డబ్బులేని ఒక ఆడమనిషి ఊరూరా ఇళ్లు వెతుక్కున్న కథ అది. సింగపూరులో అద్దెకున్న తెలుగువాళ్లకి ఇంతకన్నా దగ్గరి పుస్తకం నాకు తెలిసి లేదు.

1567 ఆగస్టులో మెదీనా దెల్ కాంపో చేరేసరికి అర్ధరాత్రి. మర్నాటి ఉత్సవానికి ఎద్దుల్ని ఊళ్లోకి తోలుకొస్తున్నారు. వాటిని తప్పించుకుంటూ కన్యాస్త్రీలూ ఫాదర్లూ పూజసామాను మోసుకుని కాలినడకన వెళ్లారు. తీరా చూస్తే ఇల్లు పాడుకొంప, గోడలు కూలి ఉన్నాయి. తెల్లారేలోపు ఊడ్చి, తెరలు కట్టి, పూజ చేయించేసింది. వెలుగొచ్చాక చూసుకుంటే దివ్యసత్ప్రసాదం దాదాపు నడివీధిలో ఉంది! కాపలాకి మనుషుల్ని పెట్టి, వాళ్లు కునుకు తీస్తారేమోనని రాత్రిళ్లు తనే లేచి వెన్నెల్లో కిటికీలోంచి చూసుకునేది. 1569లో తొలేదో వెళ్లినప్పుడు దగ్గరున్నవి మూడో నాలుగో డకట్లు. వాటితో రెండు దేవుడి పటాలు, రెండు గడ్డి పరుపులు, ఒక దుప్పటి కొంది. ఊళ్లో పెద్దమనుషులెవరికీ దొరకని ఇల్లు ఒక బీద విద్యార్థి చూసిపెట్టాడు.

సలమాంకాలో ఇంకా చిత్రం. 1570లో, విద్యార్థుల్ని ఖాళీ చేయించిన ఓ పెద్ద కొంపలో ఇద్దరే కన్యాస్త్రీలు దిగారు. చనిపోయినవాళ్ల కోసం ఊరంతా గంటలు మోగుతున్న రాత్రి. ఆ కుర్రాళ్లలో ఎవడైనా మూలన దాక్కున్నాడేమోనని తోడున్నావిడకి ఒకటే భయం. ఉన్నట్టుండి, నేనిప్పుడు చచ్చిపోతే మీరొక్కరే ఏం చేస్తారని అడిగింది. తెరేసమ్మకి శవాలంటే గుండెదడ. అయినా, ఆ సంగతి అప్పుడు ఆలోచిద్దాం, ఇప్పుడు నన్ను పడుకోనీ అందట.

ఇళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ గదులు అద్దెకిచ్చే ప్రకటనల్లో 'లైట్ కుకింగ్' అని ఉంటుంది. దాని హద్దేమిటో ఎవరూ ఇదమిత్థంగా చెప్పరు. నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు. గుడ్డు ఫరవాలేదు. ఇంగువ పోపు మాత్రం కూడదు. మొదట్లో మేం దిగిన ఇంటావిడ, మా బాణలిలో ఆవాలు చిటపటమనగానే తన గదిలోంచి వచ్చి, పల్లెత్తు మాట అనకుండా ఇంట్లో కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచేది. తిట్టినా బావుండేది. ఎండుమిరపకాయలు వేయించాలంటే ఆవిడ మార్కెట్టుకి వెళ్లేదాకా దొంగల్లా కాచుక్కూర్చునేవాళ్లం. గోంగూర పచ్చడికి పక్క బ్లాకులో స్నేహితుల ఇంటికి పోవాలి. ఖాళీ చేసేరోజున డిపాజిట్‌లో కోత పెట్టింది. ఎందుకయ్యా అంటే వంటగదికి రంగు వేయించాలట, పోపు వాసన గోడల్లోకి ఇంకిపోయిందట! తర్వాత ఇల్లు వెతుకుతూ ఫోన్ చేస్తే, మా పేరు వినగానే ఇప్పుడే అద్దెకి పోయిందనేవాళ్లు కొందరు. వారం తర్వాత చూసినా ఆ ప్రకటన అక్కడే ఉండేది. ఆ రోజుల్లోనే ఈ పుస్తకం చివరి అధ్యాయానికి వచ్చాను. 1582లో, తను పోయే ఏడాది, జబ్బు ఒంటితో బుర్గోస్ వెళ్లిన తెరేసమ్మని, సొంత ఇల్లూ రాబడీ చూపిస్తేగాని అనుమతి లేదని అక్కడి ఆర్చిబిషప్పు నెలల తరబడి తిప్పాడు. ఆవిడ ఓర్చుకుంది. నేను ఆవిడ తరఫున పళ్లు నూరాను. ఇప్పటికీ నూరుతున్నాను.

పారిస్ కార్మెల్ మఠంలో వంటవాడిగా ఉంటూనే దేవుణ్ణి చూసుకున్న బ్రదర్ లారెన్స్ పుస్తకం కూడా ఉంది, ఒక్క పూటలో అయిపోతుంది. మంచిదే గానీ, ఆయన వంటింట్లో ఎవరూ వచ్చి కిటికీలు తెరవలేదు.

సిలువ యోహాను కూడా తెరేసమ్మ పుస్తకంలోనే ఎదురవుతాడు, అదీ మెదీనాలోనే. అప్పటికి ఆవిడకి 52, ఆయనకి 25. వేరే సభలోకి పోదామనుకుంటున్న కుర్రాణ్ణి ఆపి, కార్మెల్ సభని సంస్కరించే తన పనిలోకి లాక్కుంది. పదేళ్లకి, 1577 డిసెంబరులో, ఈ సంస్కరణ గిట్టని సొంత సభవాళ్లే ఆయన్ని పట్టుకుపోయి తొలేదోలో తొమ్మిది నెలలు చీకటి కొట్లో పెట్టారు. ఆయన గొప్ప గీతాలు కొన్ని అక్కడే పుట్టాయి. ఈ ఖైదు కథ మనకి బోధపడినట్టు ఇంగ్లీషువాళ్లకి పడదని నా అనుమానం. గోల్కొండ ఖైదులో కూర్చుని, చేయించిన నగల లెక్కలన్నీ రాముడికే అప్పజెప్పి దెప్పిన కంచర్ల గోపన్న మన ఇళ్లల్లో మనిషి. యోహాను దెప్పడు, వెతుక్కుంటాడు, అంతే తేడా. గోపన్న కోసం రామలక్ష్మణులే వచ్చి తానీషాకి పైకం కట్టారని మన కథ. యోహాను దుప్పట్లు చింపి తాడు చేసి, 1578 ఆగస్టులో రాత్రివేళ కిటికీలోంచి దిగి పారిపోయాడు. వెళ్లి దాక్కున్నది ఎక్కడనుకున్నారు? రెండు గడ్డి పరుపులూ ఒక దుప్పటితో తెరేసమ్మ మొదలుపెట్టిన ఆ మఠంలోనే.

1588లో సలమాంకాలో తెరేసమ్మ రచనలు మొదటిసారి సంపుటంగా వేసినప్పుడు అందులో ఈ పుస్తకం లేదు. 1610లో బ్రస్సెల్స్‌లో గాని అచ్చు కాలేదు. వెనకబెంచీ బతుకు అప్పటినుంచీ ఉంది దీనికి.

అనువాదం ఏది మేలని తలలు బద్దలుకొట్టుకోకండి. లివర్‌పూల్‌లో స్పానిష్ ఆచార్యుడైన ఆలిసన్ పియర్స్ 1946లో మూడు సంపుటాలు తెచ్చాడు. ఆయన కతోలికుడు కాదు, ఆంగ్లికన్. తర్వాత అమెరికాలో కావెనో, రోద్రిగేస్ అనే ఇద్దరు కార్మెల్ గురువులు 1976 నుంచి 1985 దాకా మళ్లీ మూడు సంపుటాలు చేశారు. రెంటిలోనూ మనకి కావలసింది మూడో సంపుటంలో ఉంది. పియర్స్‌ది కొంచెం పాతకాలపు ఇంగ్లీషు, నాకు అదే ఇష్టం. ఎవరైనా తెలుగులోకి తెస్తామంటే మాత్రం, బైబులు భాష్యాలు రాసిన పూదోట జోజయ్యగారి తెలుగు ముందు పెట్టుకుని కూర్చోండి, పుణ్యముంటుంది. చదివాక సందేహాలొస్తే క్వీన్ స్ట్రీట్‌లో పేతురు పౌలుల గుడి ఉంది, అది కార్మెల్ గురువుల చేతిలోనే నడుస్తోంది.

ముందుమాటలు చదవకండి. మూడో అధ్యాయంతో, మెదీనా ఎద్దులతో మొదలుపెట్టండి. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎక్కువగా మఠం పెద్దమ్మలకి చెప్పిన జాగ్రత్తలు. మొదటిసారికి దాటేయండి.