హౌస్ సర్జన్ ఏడాది

ఎంబీబీఎస్‌లో నాలుగున్నరేళ్ల చదువు ముగిశాక 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అది పూర్తయితేనే శాశ్వత రిజిస్ట్రేషన్, అందాకా తాత్కాలికమే. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రుల్లో హౌస్ సర్జన్ (ఇంటర్న్) పని రక్తం తీయడం, సెలైన్ పెట్టడం, కేస్‌షీట్ రాయడం, రిపోర్టుల కోసం ల్యాబ్ చుట్టూ తిరగడంతో మొదలవుతుంది. విద్యార్థిగా జవాబు తప్పితే పోయేవి మార్కులే. ఇప్పుడు రోగి పక్కన బంధువులుంటారు, అర్ధరాత్రి లేపి మరీ అడుగుతారు. పుస్తకాల్లో అరుదైన జబ్బులకు పేజీలకు పేజీలుంటాయి గానీ, నరం దొరకని ముసలి చేతికి సూది ఎలా గుచ్చాలో ఉండదు. అది సీనియర్ నర్సుల దగ్గర నేర్చుకోవాల్సిందే; అడగడానికి మొహమాటపడనివాళ్లు త్వరగా కుదురుకుంటారు. విభాగం మారిన ప్రతిసారీ మళ్లీ కొత్తే. స్టైపెండ్ ఆలస్యమైతే సమ్మెలకూ దిగుతుంటారు. నీట్ పీజీ చదువు డ్యూటీల మధ్య ఖాళీల్లో సాగుతుంది.