పోయినంక ఇచ్చే పైసలు

బోధన్ చుట్టుపక్కల చెరుకు పండించిన ప్రతి ఇంటికీ ఒక లెక్క తెలుసు. చెరుకు ముందు పోతుంది, పైసలు తర్వాత వస్తాయి. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి. ఆ పద్నాలుగు రోజులు నెలలైతే రైతు ఎక్కడికి పోతాడో మనకు తెలుసు. సేటు దగ్గరికి పోతాడు. చెరుకు కొట్టే కూలీలది ఇంకో లెక్క. సీజన్ మొదలుకాకముందే మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు. అది తీరేదాకా మొగుడూ పెళ్లాం మంచులో, ఎండలో గడలు నరుకుతూ, కట్టలు కడుతూ ఉండాల్సిందే.

మా బాపు ఈ రెండు లెక్కల్లోనూ బతికాడు. కొన్నేళ్లు కూలీకి చెరుకు కొట్టాడు, తర్వాత ఇంత భూమి చేసుకుని తానే చెరుకు పెట్టాడు. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. దాని సైరన్‌తోనే మా తండాలో పొద్దు లెక్క పెట్టేవాళ్లు. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికే మా తండా మగపిల్లలు సగం మంది దుబాయికి, మస్కట్‌కు దారి పట్టారు. నిజామాబాద్ జిల్లాలో విదేశం అంటే చాలా ఏళ్లు ఒకటే అర్థం. ఏజెంటుకు పైసలు కట్టాలి, వీసా తెచ్చుకోవాలి, రెండేళ్లు అప్పు తీర్చాలి, మూడో ఏటి నుంచి ఇంటికి పంపాలి.

చదువు కోసం మా తండా దాటి విదేశం పోయిన మొదటి మనిషి మా తమ్ముడి బిడ్డ. సివిల్ ఇంజనీరింగ్ చదివింది. నిజాంసాగర్ కాలువ చివరి పొలాలకు నీళ్లు ఎందుకు రావో చిన్నప్పటి నుంచీ నన్ను అడిగేది. ఆ నీళ్ల చదువే చదువుతానని అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్ సీటు తెచ్చుకుంది. సీటు వచ్చిన రోజు తండాలో మిఠాయి పంచాం. మర్నాటి నుంచి కాగితాల పని మొదలైంది.

అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి గురించి చాలామంది టీచర్లకు పేరు తెలుసు, లోపలి సంగతి తెలియదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండి, వయసు 35 దాటకుండా, డిగ్రీలో 60 శాతం మార్కులు తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల దాకా ఇస్తుంది. దాంతోపాటు ఒకవైపు విమానం టికెట్టు. మా బిడ్డకు అన్ని అర్హతలూ ఉన్నాయి. ఎంపికైనట్టు సమాచారం కూడా వచ్చింది. అయితే డబ్బు రెండు విడతల్లో ఇస్తారు. మొదటి 10 లక్షలు అక్కడ దిగి, ఆ దేశంలోకి వచ్చినట్టు కాగితం పంపాక. మిగతాది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక.

నిబంధనలు చదివి ఆమె నా మొహంలోకి చూసింది.

"పెద్దబాపూ, అక్కడికి పోయినంక ఇస్తరంట. మరి పోవుడెట్ల?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అమెరికా వీసా కావాలంటే మొదటి ఏడాది ఫీజుకు, తిండికి, గదికి సరిపడా డబ్బు ముందే చూపాలి. మా బిడ్డ యూనివర్సిటీ లెక్క మన డబ్బుల్లో 24 లక్షలు. ప్రభుత్వం ఇచ్చేది పోయినంక, వీసా అధికారి అడిగేది పోకముందు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే మన పిల్లలు ఎక్కువమంది ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు.

బ్యాంకుకు పోయాం. విద్యా రుణంలో 4 లక్షల దాకా హామీ అడగరు. ఏడున్నర లక్షల దాకా ఇంకొకరి జామీను కావాలి. అది దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. మా తమ్ముడికి ఉన్నది రెండెకరాల పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు అది. వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి, ఇంకొకరికి మార్చడానికి వీల్లేదు. అధికారి పట్టా పుస్తకం తిరగేసి, మర్యాదగానే వెనక్కి ఇచ్చాడు. "సార్, ఇది మాకు పనికిరాదు" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఆ చట్టం రాసినవాళ్లదీ కాదు. అప్పుల వాళ్ల చేతికి గిరిజనుల భూమి పోకూడదనే ఆ గీత గీశారు. ఆ గీత చెరిపేయాలని నేను ఎన్నడూ అనను. అయితే భూమిని కాపాడే చట్టమే చదువు అప్పుకు తలుపు మూస్తున్నప్పుడు, ఆ తలుపు దగ్గర ప్రభుత్వం జామీనుదారుగా నిలబడాలి. అక్కడ మాకు ఎవరూ కనిపించలేదు.

చివరికి ఇలా కూడబెట్టాం. నా జామీను మీద బ్యాంకు ఏడున్నర లక్షలు ఇచ్చింది. నేను 2004కు ముందు ఉద్యోగంలో చేరినవాణ్ని, జీపీఎఫ్ ఉంది. అందులోంచి 5 లక్షలు తీశాను. మా మరదలి బంగారం, మా ఇంటి బంగారం కలిపి కుదువ పెడితే మూడున్నర. దుబాయిలో ఉన్న మా బావమరిది 2 లక్షలు పంపాడు. మిగిలిన 6 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాం. అంటే నెలకు 12 వేలు. ఆగస్టులో బిడ్డ పోయింది. మొదటి విడత మరుసటి ఏడు జూన్‌లో పడింది. పది నెలల మిత్తి లక్షా 20 వేలు. ప్రభుత్వం ఇచ్చిన మొదటి 10 లక్షల్లో అంత ముక్క సేటు తిన్నాడు. ఇంట్లో జీతగాడు ఒకడు ఉన్నాడు కాబట్టి మాకు ఇదైనా సాధ్యమైంది. తండాలో అందరి ఇళ్లలో టీచరు పెద్దబాపు ఉండడు కదా.

ఆ పథకానికి పెట్టిన పేరును తలుచుకుంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. అంబేద్కర్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల పాటు. 1916లో లండన్ చేరాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోగానే 1917లో చదువు సగంలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం దాచుకున్నాడు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ కొంత సాయం చేశాడు. నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడు అప్పు ఇచ్చాడు. ఆ పైసలతో 1920లో మళ్లీ లండన్ పోయి చదువు ముగించాడు. ఎంత మేధ ఉన్నవాడినైనా నెలవారీ డబ్బు ఆగిపోతే ఓడ ఎక్కించి వెనక్కి పంపుతుందని ఆయన బతుకే చెబుతుంది. ఆయన పేరున్న పథకం ఈ పాఠం మరవకూడదు.

గిరిజనుల్లో జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్ పోయింది మిషనరీల అండతో. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు అయ్యాడు. రాజు దయ, మిషన్ దయ ఉన్న రోజులవి. ఇప్పుడు మనం అడిగేది దయ కాదు. మనం లంబాడీలం 1976 చట్టంతో తెలంగాణలో ఎస్టీ జాబితాలోకి వచ్చాం. రాసిపెట్టిన హక్కు అందాల్సిన వేళకు అందాలి, అంతే.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. ఎంపిక వీసాకు ముందే జరగాలి. మంజూరు పత్రాన్ని బ్యాంకు హామీగా తీసుకునేలా ప్రభుత్వం బ్యాంకులతో మాట్లాడాలి. మొదటి విడతలో ఫీజు భాగాన్ని విద్యార్థి చేతికి కాకుండా నేరుగా యూనివర్సిటీకి పంపితే దుర్వినియోగం అవుతుందన్న భయమూ ఉండదు. చెరుకు కూలీకి మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్ మనిషిని కట్టేస్తుంది. బిడ్డకు ప్రభుత్వం ఇచ్చే అడ్వాన్స్ కట్టు విప్పుతుంది.

కేంద్ర ప్రభుత్వానిదీ ఒక పథకం ఉంది. గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం 6 లక్షల లోపు ఉండాలి. ఫీజు వాళ్లే కడతారు. బతకడానికి అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్లు ఇస్తారు. ఇది నిజమైన అండ. కానీ దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికే. అందులో 3 కొలాం, చెంచు వంటి ఆదిమ తెగల పిల్లలకు. దేశంలోని గిరిజనులందరికీ ఇరవై. అయినా దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే ఆ ఇరవైలో మన పేరు ఎట్లా ఉంటుంది?

మా బిడ్డ అక్కడ నేర్చుకున్న మరో సంగతి పిల్లలకు చెప్పాలి. ఎంఎస్‌కు చాలావరకు మన పైసలే పెట్టుకోవాలి. పీహెచ్‌డీ అయితే అమెరికాలో చాలా విభాగాలు ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పినందుకో పరిశోధనలో పని చేసినందుకో నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి. ఆమె మొదటి సెమిస్టర్‌లో క్యాంపస్ క్యాంటీన్‌లో పని చేసింది. చదువు సాగుతున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదని అక్కడి నియమం. రెండో సెమిస్టర్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గర కాలువ నీళ్ల లెక్కల మీద సహాయకురాలిగా చేరింది. తను సొంతంగా మెయిల్ రాసి అడిగితే దొరికిన పని అది. అడగడం మన పిల్లలకు అలవాటు లేదు. తరగతిలో చెయ్యెత్తడం దగ్గర నుంచే ఆ అలవాటు మనం నేర్పాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదు. కానీ అక్కడా ఒక ఏడాది ఖర్చు, 2024 లెక్కన 11,904 యూరోలు, ముందే ఖాతాలో వేసి చూపాలి. ఏ దేశమైనా ఆ 'ముందు' దగ్గరే మనల్ని ఆపుతోంది.

టీచర్లకు నేను చెప్పేది ఒక్కటే. ఈ మాటలు డిగ్రీ అయ్యాక చెబితే ఆలస్యం. టెన్త్ మెమో మీద పేరు రాసే రోజునే పని మొదలవుతుంది. మన పిల్లల ఇంటిపేర్లు ఒక కాగితంలో రాథోడ్ అని, ఇంకోదాంట్లో 'ఆర్' అనే అక్షరంగా, కుల ధ్రువపత్రంలో నాయక్ అని ఉంటాయి. పాస్‌పోర్ట్ దగ్గర, వీసా దగ్గర ఈ తేడా నెలలు మింగుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలోనే పాస్‌పోర్ట్ తీయించండి. జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ ఫీజులు రెండూ కలిస్తే 35 వేలు దాటుతాయి. ఒక్కసారి కట్టలేని ఇల్లు నెలకు వెయ్యి చొప్పున మూడేళ్లు దాచగలదు. ఆదాయ, కుల పత్రాలు మీసేవలో ముందే తీసి పెట్టించండి.

ఈ ఏడాది మా పక్క తండా నుంచి ఒక అబ్బాయికి కెనడాలో సీటు వచ్చింది. వాళ్ల నాయన ఆటో నడుపుతాడు. మా బిడ్డ రోజూ రాత్రి ఆ పిల్లవాడితో ఫోన్‌లో మాట్లాడుతూ ఏ కాగితం ఎప్పుడు పంపాలో, దిగిన రోజే ఏది తీసి పెట్టుకోవాలో రాయిస్తోంది. మేం నలుగురు టీచర్లం కలిసి జామీను సంతకాలు ఎవరెవరం పెట్టాలో మాట్లాడుకుంటున్నాం. ఇప్పటికి ముగ్గురం ఒప్పుకున్నాం. నాలుగో ఆయన ఇంట్లో అడిగి చెప్తానన్నాడు.