పిక్కల లెక్క

నేను 9వ తరగతి చదువుచున్నాను. ఈ నెల అందరూ పాటలు, పొడుపు కథలు ఇచ్చారు. లెక్కల గురించి ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇవి ఆరో తరగతి లెక్కలే కదా అని పదో తరగతి అక్కలు నవ్వుతారేమో. నవ్వినా సరే, చివరి దాకా చదవండి.

మా అమ్మ, అయ్య బడికి పోలేదు. మా ఇంట్లో కువి మాట్లాడతాము. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు బడిలో ఏమి నేర్పుతున్నారని అమ్మ అడిగినది. కారణాంకాలు అంటే అమ్మకు తెలియలేదు. కువిలో ఏమని చెప్పాలో నాకూ తోచలేదు. అప్పుడు చింతపిక్కలు తెచ్చి అరుగు మీద పేర్చాను. 12 పిక్కలు. రెండు వరసల్లో ఆరేసి పెట్టవచ్చు, మూడు వరసల్లో నాలుగేసి పెట్టవచ్చు, ఒకటే వరసగా కూడా పెట్టవచ్చు. కాబట్టి 12కు కారణాంకాలు 1, 2, 3, 4, 6, 12. తరువాత ఇంకో పిక్క కలిపి "ఇప్పుడు పేర్చమ్మా" అన్నాను. అమ్మ రెండేసి పెట్టింది, మూడేసి పెట్టింది, నాలుగేసి పెట్టింది. ప్రతిసారి ఒకటి మిగిలిపోయింది. అయిదేసి పెడితే మూడు మిగిలాయి. "ఇది మాట వినదే" అని నవ్వింది. అలాంటి దాన్నే ప్రధాన సంఖ్య అంటారు. 1తోను, తనతోను తప్ప దేనితోను పోదు. 1 మాత్రం ప్రధాన సంఖ్య కాదు. ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి, 1కి ఒక్కటే ఉన్నది.

నిజానికి అమ్మకు ఈ లెక్క ముందే వచ్చు. చోళ్ళు కొలిచేటప్పుడు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. అంటే కుంచానికి 16 సోలలు. సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే ఒక సోల వచ్చేదాకా ఏమీ మిగలదు. ఆ కొలతలు పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు.

పెద్ద సంఖ్య ఇస్తే పిక్కలు చాలవు. 97 చూద్దాం. చివర సరి అంకె లేదు, 2తో పోదు. 9, 7 కలిపితే 16, కాబట్టి 3తో పోదు. చివర 0, 5 లేవు. 7తో చేస్తే 6 మిగులును. ఇక ఆపేయవచ్చు. ఎందుకంటే కారణాంకాలు జతలుగా వస్తాయి. 10 కన్నా పెద్దది ఒకటి ఉంటే దాని జత 10 కన్నా చిన్నది అయి ఉండాలి, చిన్నవి చూసేశాము కదా. 91 దగ్గర మాత్రం జాగ్రత్త. చూడటానికి ప్రధాన సంఖ్యలా ఉంటుంది గానీ అది 7×13. ఎక్కాలు పదితో ఆపేసే వాళ్ళకు దొరకదు.

సుమారు 2200 ఏళ్ళ క్రితం గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఒక జల్లెడ చెప్పాడు. 2 నుంచి 100 దాకా రాసి 2, 3, 5, 7 ఉంచి వాటి గుణిజాలన్నీ కొట్టేస్తే 25 మిగులుతాయి, అవే ప్రధాన సంఖ్యలు. 2002లో మన కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగర్వాల్ గారు, ఇద్దరు విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఎంత పెద్ద సంఖ్యనైనా త్వరగా, తప్పు లేకుండా తేల్చే పద్ధతి కనిపెట్టారు. 2024లో దొరికిన ఒక ప్రధాన సంఖ్యకు 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలట!

మా క్లాసు సంగతికి వస్తాను. సంక్రాంతికి ముందు మేము 42 మందిమి. 42కు ఎనిమిది కారణాంకాలు. భోజనానికి ఏడుగురేసి 6 లైన్లు, ఊడ్చే డ్యూటీకి ముగ్గురేసి 14 జట్లు, ఆటలకు ఇటు 21 అటు 21. సెలవుల తరువాత 41 మందిమి. 2, 3, 5తో చూస్తే చాలు, పోదు. ప్రధాన సంఖ్య. డ్యూటీలో మా జట్టుకు ఇద్దరమే ఉన్నాము. ఊడ్చడం గురించి కాదు నా బాధ.

రాని అమ్మాయిది మా పక్క ఊరు. వాళ్ళ అమ్మకు బాగోలేదు, చిన్న తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేరని ఆపేశారు. ఆడపిల్లకు ఈ చదువు చాలు అని కూడా అంటున్నారట. మా క్లాసులో ఏడో ఎక్కం ఇరవై దాకా వచ్చేది తనకే. వార్డెన్ మేడం గారికి నా మనవి ఏమనగా, రిజిస్టరులో తన పేరు కొట్టేయవద్దు. తన పెట్టె నా మంచం కిందే ఉన్నది. శుక్రవారం సంతకు వాళ్ళ అయ్య పసుపు అమ్మడానికి వస్తారు. నేను చెప్తే చిన్నపిల్ల మాట అంటారు, మేడం గారు చెప్తే వింటారు. సెలవుల తరువాత చెప్పిన లెక్కలు నేను ఇంకో నోట్సులో రాసి ఉంచాను. వృత్తాలు అయినవి, ఘనపరిమాణాలు సగం ఉన్నవి, గురువారం లోపల రాసేస్తాను.