ఎల్బీనగర్ దాటితే... సముద్రమే!

సంక్రాంతికి వారం ముందు. రాత్రి తొమ్మిదిన్నర. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పక్కనంతా జనమే. కాళ్ల దగ్గర సూట్‌కేసులు, చంకలో పిల్లలు, చెవి దగ్గర సెల్‌ఫోన్లు.

‘బస్సు ఎక్కడిదాకా వచ్చింది బాబూ?’

‘చాదర్‌ఘాట్ దాటిందండీ, అక్కడే ఉండండి.’

ఆ ‘అక్కడే’ గంటయినా గంటన్నరైనా కావచ్చు. అయినా ఎవరూ కదలరు. ఊరెళ్లే బస్సు కదా!

నగరంలో ఎన్నో పేటలున్నా కోస్తా నుంచి, నల్గొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం చుట్టుపక్కలే ఇళ్లు చూసుకున్నారు. కారణం పెద్దదేం కాదు. ఊరి బస్సు ఇటునుంచే పోతుంది. పండక్కి వెళ్లడానికైనా, ‘అమ్మకు బాగోలేదు’ అని కబురొస్తే ఉన్నపళంగా బయల్దేరడానికైనా ఇదే దగ్గర. ఊరివైపు ముఖం పెట్టి కాపురం పెట్టిన పేటలివి.

అయితే ముప్ఫయ్యేళ్లు గడిచేసరికి కథ మారింది. అమ్మా నాన్నా పోయారు. ఊళ్లో ఇల్లు అమ్మేశారు. పిల్లలు ఎక్కడో దూరదేశంలో. పదవీ విరమణ చేసిన దంపతులు మాత్రం ఇక్కడ మిగిలారు. పుష్యమాసం చలి మొదలయ్యేసరికి ఏదో ఒక ఇంట్లో ఈ మాట వినపడుతూనే ఉంటుంది.

‘ఏమండీ, ఈ చలికి మోకాళ్లు లేవనంటున్నాయి. నాలుగు రోజులు ఎక్కడికన్నా వెళ్లొద్దామా?’

‘ఎక్కడికెళతాం? ఊళ్లో మనకింక ఏముంది?’

ఊళ్లో ఏమీ లేకపోవచ్చు. ఊరికి పోయే రోడ్డు మాత్రం ఉంది. దాని చివర సముద్రమూ ఉంది.

రోడ్డు చివర బందరు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు నుంచి, ఎల్బీనగర్ కూడలి మీదుగా పోయేది 65వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు నైన్త్ హైవే అంటేనే తెలుస్తుంది. పుణెలో బయల్దేరి, హైదరాబాద్, సూర్యాపేట, కోదాడ, విజయవాడ దాటి మచిలీపట్నంలో ఆగుతుంది. మొత్తం 841 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బందరుకు సుమారు 340. ఈ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లలో కూడా చాలామందికి ఇది విజయవాడ రోడ్డే. ఇక్కడ బందరు రోడ్డని ఎవరూ అనరు. నిజానికి ఇది పుట్టిందే బందరు కోసం!

గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు వాకిలి మచిలీపట్నం. కలంకారీ బట్టలు అక్కణ్నుంచే ఓడలెక్కేవి. ఆంగ్లేయులు 1611లో అక్కడే వర్తక స్థావరం పెట్టుకున్నారు. కోటకూ రేవుకూ మధ్య ఎడ్లబండ్లు, ఒంటెలు, గుర్రాలు నిత్యం నడిచేవి. అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో పరివారాన్నంతా వెంటబెట్టుకుని మచిలీపట్నం దాకా వెళ్లి సముద్రం చూసొచ్చాడు. రాజుగారి ప్రయాణమంటే ఊరు ఊరంతా కదలడమే. వంటవాళ్లు, గుడారాలు, ఏనుగులు... అంతా వెంటే.

ఆ రోజుల్లో ఇలాంటి బిడారునే కార్వాన్ అన్నారు. పురానాపూల్‌కు ఆవల కార్వాన్ పేట ఇప్పటికీ ఉంది. ఇంగ్లిషువాళ్లు పలికే కారవాన్ కూడా ఆ పారశీక మాటే. ఇవాళ ఆ పేరు చెబితే గుర్తొచ్చేది సినిమా తారలు షూటింగుల్లో కూర్చునే ఏసీ బండి.

చలికాలపు వలస

పాశ్చాత్య దేశాల్లో మాత్రం ఆ బండి మామూలు కుటుంబాల ఇల్లు కూడా. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. అమెరికాలోనూ కెనడాలోనూ రిటైరైన దంపతులు కొందరు ఉన్న ఇల్లు అమ్మేసి ఏడాది పొడవునా అందులోనే కాపురం చేస్తారు. ఎండాకాలమంతా ఉత్తరాన చల్లటి కొండల్లో ఉంటారు. మంచు పడే రోజులొచ్చాయంటే బండి దక్షిణానికి తిప్పుతారు. ఫ్లోరిడా తీరం, టెక్సాస్‌లో సముద్రం ఒడ్డున ఉన్న సౌత్ పాడ్రే ఐలాండ్ వాళ్ల శీతాకాలపు విడుదులు. చలికి వలసపోయే పక్షుల్లాంటివాళ్లు కాబట్టి ‘స్నోబర్డ్స్’ అంటారు. మంచుపిట్టలన్నమాట!

వాళ్ల బండ్ల కంటే గమనించాల్సింది వాళ్లు ఆగే చోటుని. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అని ఓ చిన్న ఊరుంది. జనవరి వచ్చేసరికి దాని చుట్టూ ఎటు చూసినా చక్రాల ఇళ్లే. అక్కడి ప్రభుత్వ భూముల్లో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి ప్రభుత్వమే రుసుము తీసుకుని పర్మిట్ ఇస్తుంది. నీళ్లు పట్టుకోవడానికి, మురుగు వదలడానికి ఏర్పాట్లుంటాయి. ప్రైవేటు పార్కుల్లోనైతే బండి ఆపగానే కరెంటు తీగ, నీళ్ల గొట్టం తగిలించుకోవచ్చు. అరవై దాటినవాళ్లు ధైర్యంగా రోడ్డెక్కుతున్నారంటే వాటి చలవే.

బేగం కట్టిన సరాయి

ఈ సంగతి మన రోడ్డుకు ఎప్పుడో తెలుసు. ఎల్బీనగర్ నుంచి వనస్థలిపురం, ఆటోనగర్ మీదుగా ఓ ఎనిమిది కిలోమీటర్లు పోతే హయత్‌నగర్. ఆ పేరు హయాత్ బక్షీ బేగందే. ఆమె హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు, తర్వాత రాజైన సుల్తాన్ మహమ్మద్‌కు భార్య, అబ్దుల్లాకు తల్లి. జనం ‘మా సాహెబా’ అని పిలుచుకున్నారు. మాసాబ్‌ట్యాంక్ అన్న పేరూ ఆమె నుంచి వచ్చిందే.

హయత్‌నగర్‌లో ఆమె పేరున్న మసీదు ఉంది. దాని ఆవరణ చుట్టూ వరసగా కమాను గదులు కనిపిస్తాయి. అవే సరాయి. బందరు నుంచి వచ్చే వర్తకులు, బాటసారులు రాత్రికి తలదాచుకునే చోటు. పక్కనే పెద్ద దిగుడుబావి. దాన్ని హాథీ బావిడీ అంటారు. ఇంతకీ సరాయిలో ఏముంది? తలమీద కప్పు, నీళ్లు, ప్రార్థనకు చోటు, దొంగల భయం లేకుండా నిద్ర. బాటసారికి కావలసినవి ఆనాటి నుంచీ ఇంతే.

ఇప్పుడు ఆ రోడ్డున వోల్వో బస్సులు దూసుకుపోతుంటాయి. అందులో కూర్చున్నవాళ్లు హయత్‌నగర్ రాగానే దుప్పటి తీసి కప్పుకుంటారు. నాలుగు వందల అడుగులు పక్కకు తిరిగితే నాలుగు వందల ఏళ్ల నాటి విడిది ఉందని ఎందరికి తెలుసు?

అసలైన సంచారులు

రాజులూ వర్తకులూ వెళ్లొచ్చేవాళ్లు. ఈ బాటల మీదే బతికినవాళ్లు మాత్రం లంబాడీలు. ఎద్దుల వీపు మీద ధాన్యం వేసుకుని తీరానికి, అక్కణ్నుంచి ఉప్పు వేసుకుని దక్కన్‌కు తిరిగేవారు. ఆలుబిడ్డలు, గొడ్డూగోదా, వంటసామాను అంతా బిడారులోనే. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులుండేవని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే 17వ శతాబ్దంలోనే రాశాడు. వానాకాలం నాలుగు నెలలూ గడ్డీ నీళ్లూ ఉన్నచోట మకాం. వానలు వెలిశాక మళ్లీ బాట. ఏడాది పొడవునా రోడ్డు మీద కాపురం అన్నది అమెరికావాళ్లు కనిపెట్టిందేం కాదు!

వాళ్లది సరదా కాదు, జీవనం. రైలు రావడంతో అదీ పోయింది. 1889లో నిజాం రైలుమార్గం బెజవాడ దాకా చేరింది. వేల ఎద్దులు మోసే ఉప్పును వ్యాగన్లు మోశాయి. బిడార్లు ఆగినచోటే తండాలయ్యాయి. నల్గొండ జిల్లాలోని ఆ తండాల పిల్లలు ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. తాతలు ఉప్పు మోసిన దారినే వీళ్లు పుస్తకాలు మోసుకొచ్చారు.

యాత్రా బస్సే మన కారవాన్

తెలుగువారి ఇళ్లలో ప్రయాణమంటే ముందు గుర్తొచ్చేది కాశీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్లి, కోస్తా దారిన 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీలు, డేరాలు. మజిలీ మజిలీకీ సత్రం ఉందా, నీళ్లెలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా అని శ్రద్ధగా రాసిపెట్టుకున్నాడు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయింది.

ఆ డేరాల వారసత్వం యాత్రా బస్సులకు వచ్చింది. నలభై యాభై మంది పెద్దవాళ్లు, ఇద్దరు ముగ్గురు వంటవాళ్లు, బస్సు కింద అరల్లో బియ్యం మూటలు, గుండిగలు, జంబుఖానాలు. పదిహేను రోజులో ఇరవయ్యో. తెల్లారేసరికి ఏ సత్రం ముందో బస్సు ఆగుతుంది. ఆడవాళ్లు కూరలు తరగడానికి తలో చెయ్యీ వేస్తారు. సాయంత్రానికి పరాయి రాష్ట్రంలో చారు వాసన గుప్పుమంటుంది. మొదటిరోజు ‘మీదే ఊరండీ’ అన్నవాళ్లు ఆఖరి రోజుకు ‘వదినా’, ‘అన్నయ్యగారూ’ అయిపోతారు.

ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. కారణం, లోపలికి తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్. ప్రయాణికులున్న బస్సులో సిలిండరు పెట్టుకుని పోవడమూ అంతే ప్రమాదం. ‘ఏం కాదులే’ అన్న మాటే అన్నిటికన్నా చెడ్డది.

ఆగేదెక్కడ?

ఇప్పుడు కారవాన్ బండ్లు మన దేశంలోనూ అద్దెకు దొరుకుతున్నాయి. కేంద్ర పర్యాటక శాఖ 2009లోనే కారవాన్లకూ, అవి ఆగే పార్కులకూ ఒక విధానం ప్రకటించింది. కేరళ 2021లో సొంత విధానం తెచ్చి, మరుసటేడు వాగమన్‌లో తొలి పార్కు తెరిచింది.

మరి మన బందరు రోడ్డున? పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు... టోల్ గేట్లు వరసగా వస్తాయి. దాబాలు, హోటళ్లకు కొదవలేదు. అరగంట ఆగి టీ తాగడానికి ఏ ఇబ్బందీ లేదు. రాత్రికి బండి ఆపుకుని, తలుపు వేసుకుని నిశ్చింతగా పడుకోవడం వేరు. లారీల మధ్య చీకట్లో ఆపుకోవాలా? అర్ధరాత్రి పెద్దావిడకు బాత్రూం అవసరమైతే? పొద్దున్నే నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి? లక్షలు పోసి బండి కొన్నా ఈ ప్రశ్నలకు బండిలో జవాబు దొరకదు. బేగంగారు కట్టించినలాంటి సరాయి ఉండాలి. యాభై అరవై కిలోమీటర్లకొకటి వెలుతురు, కాపలా, నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న విడిది ఉంటే కారవాన్ లేనివాళ్లకూ ఉపకారమే. మామూలు కారులో పెద్దవాళ్లను తీసుకెళ్లే కుటుంబాలు, రాత్రంతా బండి నడిపే డ్రైవర్లు అందరూ వాడుకుంటారు.

చలికాలం బందరులో...

అంతదాకా ఆగక్కర్లేదు. చక్రాల ఇల్లు లేకపోయినా చలికాలాన్ని సముద్రం దగ్గర గడపొచ్చు. జనవరి రాత్రుల్లో హైదరాబాద్ ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. శివార్లలో అంతకంటే కిందికీ దిగుతుంది. అప్పుడు మచిలీపట్నంలో ఇరవైకి దగ్గరగా ఉంటుంది. పగలు ఉక్కపోత లేని ఎండ. మంగినపూడి బీచ్ ఊరికి పదకొండు కిలోమీటర్లు. అక్కడికి దగ్గర్లోనే 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. చిలకలపూడిలో పాండురంగడి గుడి, రోల్డుగోల్డు నగలు, పక్కనే పెడనలో కలంకారీ అద్దకాలు, సాయంత్రానికి బందరు లడ్డూ. ఓ నెలరోజులు చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే తీరిగ్గా చూడొచ్చు. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు కూడా ఇలాంటివే.

వెళ్లే నెల మాత్రం చూసుకోవాలి. అక్టోబర్, నవంబర్ ఈ తీరానికి తుపాన్ల కాలం. 1864 నవంబర్ 1న వచ్చిన ఉప్పెన బందరులో సుమారు ముప్ఫైవేల మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ విషాదం ఇప్పటికీ పెద్దల కళ్లముందే ఉంది. డిసెంబర్ సగం గడిచాక బయల్దేరి ఫిబ్రవరి ఆఖరుకు తిరిగొస్తే మంచిది. బయల్దేరేముందు వాతావరణ కేంద్రం మాట వినాలి. రోజూ వేసుకునే మందులు నెలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా పెట్టుకోవాలి. దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో వెళ్లినరోజే కనుక్కోవాలి. అలలు చిన్నవిగా కనిపించినా లోపలికి దిగకూడదు. రాత్రి ప్రయాణం మానేసి, తెల్లవారుజామున బయల్దేరి సూర్యాపేటలో టిఫిన్ చేస్తే నడుముకు హాయి, డ్రైవరుకూ హాయి.

పండగ అయిపోయింది. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చే బస్సులు తెల్లవారుజామున ఎల్బీనగర్‌లో జనాన్ని దించుతున్నాయి. చేతుల్లో అరిసెల డబ్బాలు, కళ్లలో నిద్ర. అదే సమయానికి ఎదురువైపు రోడ్డున ఓ పెద్దాయన, పెద్దావిడ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రెండు సంచులు, ఒక ఫ్లాస్కు, మందుల డబ్బా.

‘ఎక్కడికండీ, పండగ అయిపోయాక?’

‘ఊళ్లో ఇల్లు లేదు బాబూ. సముద్రం ఉందిగా... నెల్రోజులు ఉండొద్దామని!’