కొత్తగా వచ్చిన పిల్లికూన

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు పెద్దలు. తల్లి వెంట వుండి తిప్పితే కూనకు బెంగ లేదు. మనం సంచిలో వేసుకుని తెస్తేనే బెంగ.

మొన్న వేసవిలో, మా బరంపురంలో, వెనుకవీధి ఒడియావారి యింటినుంచి ఒక కూనను తెచ్చుకున్నాము. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే వుంచమని ముందే చెప్పాము. తెచ్చిన రోజున యిల్లంతా చూపించలేదు. కొత్తచోట దానికి ఒక్క గది చాలు. పెరటివైపు గదిలో ఒక మూల తిండి, నీళ్లు. ఎదుటి మూల ఇసుక పోసిన తట్ట. రెండూ పక్కపక్కన వుంటే పిల్లికి గిట్టదు. (ఈ విషయంలో మనలో కొందరికంటె నయమే!) తల్లి పడుకునే పాతచీర ముక్కను కూడా అడిగి తెచ్చాము.

అయినా అది బియ్యపు డబ్బా వెనుక దూరి, సాయంత్రందాకా ఏమీ ముట్టలేదు. అంత చిన్న ప్రాణికి ఒక పూట పస్తే ఎక్కువ. రోజు దాటితే పశువైద్యుని దగ్గరకు పరుగెత్తవలసిందే. పక్కింటివారు ఆవుపాలు పొయ్యమన్నారు. అవి చాలా కూనలకు పడక విరేచనాలవుతాయి. పిల్లలు చెయ్యి పెట్టి లాగబోతే వారించాము. దీపం తగ్గించి, గోడకానుకుని కూర్చున్నాము. "పిల్లీ, పిల్లీ" అంటే ఉలకలేదు. మా చిన్నమ్మాయి "బిలేయి, బిలేయి" అని ఒడియాలో పిలిచింది. చెవి కదిలింది.

రాత్రి పది దాటాక మెల్లగా బయటకు వచ్చి, ఉప్పూకారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేపముక్కను తిన్నది.

నాలుగు రోజులకు గది తలుపు తెరిచాము. మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించాము. ఇప్పుడు రెండు భాషల్లోనూ పలుకుతుంది, తిండివేళకు మాత్రమే.