జీపు ఎత్తు

హోసూరు ప్రాంతపు రాళ్లబాటలలో చట్రము తగులుచుండుటచే, మేము మా పాత మహీంద్రా జీపును ఇంటివద్దనే ఎత్తు చేయ సంకల్పించితిమి. జాకీతో లేపి, చట్రము క్రింద ఇనుప స్టాండులు నిలిపిన పిదపనే పని నారంభించితిమి. ఒక్క జాకీని నమ్మి బండిక్రింద దూరుట ప్రాణాపాయము.

విద్యార్థులారా! కమాను కట్ట చివర నుండు ఊగెడి బద్దను, అనగా షాకిలును, 2 అంగుళములు పొడిగించినను బండి లేచునది సుమారు 1 అంగుళమే. ఏలయన, కట్ట రెండవ కొన కదలదు. ఇరుసు నడుమ నున్నది. ఇరుసు ఎత్తు మాత్రము చక్రములను బట్టియే యుండును.

ఎత్తు హెచ్చినకొలది బ్రేకుల రబ్బరు గొట్టము చాలక బిగియును. ప్రొపెల్లరు షాఫ్టు వాలు పెరుగును. గురుత్వకేంద్రము పైకి జరిగి, మలుపులలో బోల్తాపడు ప్రమాదము అధికమగును. బిడ్డలు కూర్చుండు బండి యిది. కావున ఆ యంగుళముతోనే తృప్తి చెందితిమి. మిగిలిన రాళ్లను మెల్లగా నడిపి దాటుచున్నాము.