వెనుక సీటుకు పిట్టగోడ



వరికోతల రోజుల్లో ఒక రాత్రి గృహకూడిక ముగించుకొని వస్తుంటే, రోడ్డుమీద ఆరబోసిన వడ్లపై మా బండి జారింది. రోడ్డుపక్కన 200 రూపాయలకు కొన్న హెల్మెట్ మాకంటే ముందే దొర్లిపోయింది. పట్టీ పెట్టుకోలేదు మరి. వెనుక కూర్చున్న పాస్టరమ్మగారికి అదీ లేదు, చీరకొంగే. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి.

బండిమీద 91వ కీర్తన స్టిక్కర్ ఉంది. దేవాలయ శిఖరంమీద సాతాను ప్రభువుకు చూపించింది ఆ కీర్తననే అని మేమే ఎన్నోసార్లు బోధించాము!

ద్వితీయోపదేశకాండము 22:8లో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలని ఉంది. పడేది ఇంటివాడే కానక్కరలేదు. మా మిద్దె ఆ వెనుక సీటే.

ఈసారి రెండు హెల్మెట్లు కొన్నాము. ఐఎస్‌ఐ గుర్తుపైన ఐఎస్ 4151 అని ఉందో లేదో చూశాము. చెంపలకు గట్టిగా ఆనాలి. పట్టీ బిగించి తల ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి. పాతది ఎవరికైనా ఇద్దామనుకున్నాము. కాని లోపలి థర్మోకోల్ ఒకసారి దెబ్బతింటే, పైకి పగులు కనిపించకపోయినా, మళ్లీ కాపాడదు. పగలగొట్టి పారేశాము.

అమ్మగారికి కొప్పు అడ్డమొచ్చింది, జడ వేసుకుంటున్నారు. గృహకూడికకు పిలిచేవారు హెల్మెట్లు పెట్టడానికి కాస్త చోటు చూడండి, ఇప్పుడు రెండున్నాయి.